మేజర్ తేలకముందే మొదటి సెమిస్టర్: ఏ కోర్సులు తీసుకోవాలి?

అమెరికాలో డిగ్రీ చదువుల గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము. మూడింటిలోనూ చిక్కు ఒక్కటే. కాలేజీలో సీటు ఖాయమైంది, ఏది ప్రధాన విషయంగా (మేజర్‌గా) చదవాలో మాత్రం ఇంకా తేలలేదు.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అమ్మాయి ఈ ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. మేజర్ దగ్గర ‘అన్‌డిక్లేర్డ్’ అని పెట్టింది. బయాలజీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ ఇష్టమేనంటుంది. డాక్టర్ కావాలని ఒకప్పుడు అనేది గాని, ఇప్పుడు ఆ మాట గట్టిగా చెప్పడం లేదు. త్వరలో జరిగే ఓరియెంటేషన్‌లో కోర్సులకు రిజిస్టర్ చేసుకోవాలి. మొదటి సెమిస్టర్‌లో సినిమా, ఆంత్రొపాలజీ లాంటివి తీసుకుని తీరిగ్గా ఆలోచించుకుంటానని ఆమె అంటుంటే, కంప్యూటర్ సైన్స్ కోర్సులన్నీ ఇప్పుడే మొదలుపెట్టాలని మావారు పట్టుబడుతున్నారు. హైస్కూల్లో రాసిన కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అయిదుకు కాలిక్యులస్ ఏబీలో 4, అమెరికా చరిత్రలో 5 వచ్చాయి. ఆ క్రెడిట్లు వాడుకోవచ్చునా?
— ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: మీవారి ఆందోళన ఎక్కడి నుంచి వస్తున్నదో ఊహించడం కష్టం కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చీ రాగానే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని తేల్చేసుకోవలసి వచ్చిన తరానికి, పద్దెనిమిదేళ్లు వచ్చినా ‘ఇంకా ఏమీ అనుకోలేదు’ అనే పిల్లలను చూస్తే చదువు మీద శ్రద్ధ లేదేమోననిపిస్తుంది. మన దగ్గర గ్రూపు మారితే ఏడాది పోయినట్టే కాబట్టి ఆ భయానికి ఒకప్పుడు అర్థముంది. అమెరికా డిగ్రీ కట్టుబాటు వేరు. సాధారణంగా డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి, ఒక్కో కోర్సుకు మూడో నాలుగో వస్తాయి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అందులో 42 క్రెడిట్లు ఏ మేజర్ వారైనా చదవవలసిన కోర్ కరిక్యులం కిందికి వస్తాయి. భావప్రకటనకు 6, గణితానికి 3, ప్రకృతి శాస్త్రాలకు 6, అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వ వ్యవస్థకు 6, భాష–తత్త్వం–సంస్కృతులకు 3, కళలకు 3, సామాజిక శాస్త్రాలకు 3, విశ్వవిద్యాలయం తన ఇష్టప్రకారం కేటాయించుకునేవి 6. అంటే మీ అమ్మాయి రేపు ఏ మేజర్ తీసుకున్నా డిగ్రీలో మూడో వంతుకు పైగా ఎలాగూ చదవవలసినదే. మేజర్ తేల్చుకోకుండా మొదటి సెమిస్టర్‌లో చేరడం వల్ల దానంతటదే జరిగే నష్టం లేదు.

అయితే ‘కోర్ ఎలాగూ చదవాలి కదా, ఏదో ఒకటి తీసుకుందాం’ అనుకుంటేనే నష్టం మొదలవుతుంది. ఒకే కోర్ అవసరాన్ని తీర్చే కోర్సులు పది ఉంటే, వాటిలో ఒకటో రెండో మేజర్‌కు కూడా పనికివస్తాయి, మిగిలినవి రావు. కేటలాగ్‌లో పక్కపక్కనే కనిపించే రెండు బయాలజీ కోర్సులలో ఒకటి సైన్స్ మేజర్ల కోసం, మరొకటి ఇతరుల కోసం ఉంటుంది. రెండూ ప్రకృతి శాస్త్రాల కోర్‌కు సరిపోతాయి. రెండోది చదివిన విద్యార్థి తరువాత బయాలజీ మేజర్ తీసుకుంటే మాత్రం మొదటిదాన్ని మళ్లీ మొదటి నుంచి చదవక తప్పదు. సామాజిక శాస్త్రాలలోనూ ఇదే వరస. ఆంత్రొపాలజీ మంచి విషయమే గాని, మీ అమ్మాయి చెప్పిన మూడు ఇష్టాలలో ఎకనామిక్స్ ఉంది కనుక ఆ 3 క్రెడిట్ల స్థానంలో ప్రిన్సిపుల్స్ ఆఫ్ మాక్రోఎకనామిక్స్ తీసుకుంటే, కోర్ అవసరమూ తీరుతుంది, ఎకనామిక్స్‌కూ బిజినెస్‌కూ కావలసిన తొలి కోర్సు కూడా పూర్తవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మేజర్ తేలని విద్యార్థి తనకు ఏది ఎక్కువ ఇష్టమో మొదటి సెమిస్టర్‌లోనే తేల్చుకోవాలని చాలామంది సలహాదారులు చెబుతారు. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ఆలస్యం చేస్తే ఏది చేజారిపోతుంది అన్నది మొదటి ప్రశ్న. వైద్య విద్య వైపు వెళ్లే వారికి కావలసిన రసాయన శాస్త్రాన్నే చూడండి. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆ తరువాత ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు, అవి అయ్యాక బయోకెమిస్ట్రీ. ముందుది ఉత్తీర్ణులైతే గాని వెనుకదానిలో చేరనివ్వరు. మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టిన వారు బయోకెమిస్ట్రీకి అయిదో సెమిస్టర్‌లో చేరుకుంటారు. ఏడాది ఆగి మొదలుపెట్టిన వారికి అది ఏడో సెమిస్టర్‌కు గాని రాదు. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్‌ను చాలామంది రాసేది మూడో సంవత్సరంలో కాబట్టి అప్పటికి ఆలస్యం జరిగిపోతుంది. కంప్యూటర్ సైన్స్‌లోనూ ప్రోగ్రామింగ్ ఒకటి, రెండు, డేటా స్ట్రక్చర్స్, ఆల్గొరిథమ్స్ అంటూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి, పక్కనే కాలిక్యులస్ వరస నడుస్తూ ఉంటుంది. చరిత్ర, సైకాలజీ, పొలిటికల్ సైన్స్ వంటి వాటికి ఇంత పొడవైన వరస ఉండదు. రెండో సంవత్సరంలో మొదలుపెట్టినా సాధారణంగా నాలుగేళ్లలో పూర్తి చేసుకోవచ్చు. అందుకని ఎటూ తేలని విద్యార్థి పొడవైన వరస ఉన్నవాటినే ముందు మొదలుపెట్టాలి. అవి తనకు సరిపడవని తేలితే మానుకోవడం సులువు, ఏడాది తరువాత వాటిలోకి ప్రవేశించడం సులువు కాదు.

మరొక సంగతి ఓరియెంటేషన్ బ్రోషర్లలో పెద్ద అక్షరాలతో కనిపించదు. ‘అన్‌డిక్లేర్డ్’గా చేరితే ఏ మేజర్‌లోకైనా తరువాత వెళ్లవచ్చునని తల్లిదండ్రులు అనుకుంటారు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్, నర్సింగ్ వంటి మేజర్లకు సీట్లు పరిమితం. లోపలి విద్యార్థి కూడా దరఖాస్తు పెట్టుకోవాలి, నిర్ణీత కోర్సులు పూర్తి చేసి ఉండాలి, జీపీఏ (గ్రేడ్ల సగటు) పోటీలో నిలవాలి. చివరికి ఇంజినీరింగ్‌లో చేరినవారికి కూడా ఇది తప్పని చోట్లు ఉన్నాయి. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థులు సాధారణ ఇంజినీరింగ్‌లో చేరి, ఆ ఏడాది కోర్సులూ మార్కుల ఆధారంగా ఆ తరువాతే బ్రాంచి పొందుతారు. కాబట్టి మీ అమ్మాయి ఓరియెంటేషన్‌లో అడ్వైజర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ‘నేను ఏం తీసుకోవాలి’ అన్నది కాకూడదు. ‘నేను చెప్పిన మూడు మేజర్లలో ఏది తరువాత దరఖాస్తు పెట్టుకోవలసినది, దానికి ఏ కోర్సులు ఏ గ్రేడుతో ఉండాలి’ అని అడగాలి.

ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తే మొదటి సెమిస్టర్‌కు నేను సూచించే జాబితా ఇది: 4 క్రెడిట్ల కాలిక్యులస్, 3 క్రెడిట్ల ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు, 3 క్రెడిట్ల మాక్రోఎకనామిక్స్, ఆమె కోరిన సినిమా కోర్సు 3 క్రెడిట్లు, విశ్వవిద్యాలయం కొత్త విద్యార్థులకు పెట్టే ఒక క్రెడిట్ సెమినార్ ఏదైనా ఉంటే అది. మొత్తం 14. సినిమా కోర్సు చూసి మీవారు కోప్పడనవసరం లేదు, ఫిల్మ్ అప్రిసియేషన్ వంటి కోర్సులు చాలాచోట్ల కళల కోర్ కింద లెక్కకు వస్తాయి. ఇంగ్లీష్ కంపోజిషన్ మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోవాలని విశ్వవిద్యాలయం పట్టుబడితే సినిమాను జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కు జరపవచ్చు. వైద్య విద్య ఆలోచన ఇంకా మనసులో ఏ మూలనో ఉందని ఆమె అంటే ప్రోగ్రామింగ్‌ను స్ప్రింగ్‌కు జరిపి, దాని స్థానంలో ల్యాబ్‌తో కూడిన జనరల్ కెమిస్ట్రీ పెట్టడం మంచిది. ఈ ఒక్క ప్రశ్న మాత్రం రిజిస్ట్రేషన్‌కు ముందే ఇంట్లో తేల్చుకోండి. అడిగే తీరులో ‘డాక్టర్ అవుతానన్నావు కదా’ అనే నిష్ఠూరం లేకపోతే నిజమైన సమాధానం వస్తుంది.

కాలిక్యులస్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ మూడూ మొదటి సెమిస్టర్‌లోనే నింపేయాలన్న ఉత్సాహం వద్దు. 14 క్రెడిట్లలో 10 క్రెడిట్లకు ‘ఏ’ వచ్చి, 4 క్రెడిట్ల కోర్సు ఒక్కదానిలో ‘సి’ వస్తే, ‘ఏ’కు 4, ‘సి’కి 2 పాయింట్ల లెక్కన జీపీఏ సుమారు 3.43కు దిగుతుంది. పోటీ ఉన్న మేజర్‌కు దరఖాస్తు పెట్టేనాటికి చేతిలో ఉండేవి రెండు సెమిస్టర్ల గ్రేడ్లే గనుక ఆ ఒక్క ‘సి’ని పూడ్చుకునే వ్యవధి ఉండదు. మీవారు కోరుతున్నట్టు కంప్యూటర్ సైన్స్ కోర్సులతోనే సెమిస్టర్ నింపడం, ఆయన కోరుకుంటున్న దానికే అడ్డురావచ్చు.

క్రెడిట్ల విషయం. అమెరికా చరిత్రలో వచ్చిన 5 ను సందేహం లేకుండా వాడుకోండి. చరిత్ర కోర్ ఆ మేరకు తగ్గుతుంది, ఆమె చెప్పిన మేజర్లలో దేనికీ దాని అవసరం పడదు. కాలిక్యులస్‌లో వచ్చిన 4 తో మాత్రం తొందరపడకండి. ఆ స్కోరుకు కాలిక్యులస్ ఒకటి క్రెడిట్ ఇస్తారు కాబట్టి నేరుగా కాలిక్యులస్ రెండులో కూర్చోవచ్చు. అయితే మేలో పరీక్ష రాసి, ఆగస్టు వరకు పుస్తకం ముట్టని విద్యార్థి అక్కడ తడబడే అవకాశం ఉంది. ఆ విశ్వవిద్యాలయపు కాలిక్యులస్ ఒకటి పాత ఫైనల్ పరీక్ష పత్రం దొరికితే ఒక మధ్యాహ్నం గడియారం పెట్టుకుని రాయమనండి. సాఫీగా పూర్తయితే కాలిక్యులస్ రెండు, లేకపోతే మళ్లీ ఒకటి. స్కోరు పంపినంత మాత్రాన క్రెడిట్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టీ) లోకి ఎక్కని చోట్ల, ఎప్పుడు క్లెయిమ్ చేసుకోవాలన్నది విద్యార్థి చేతిలోనే ఉంటుంది కాబట్టి అడ్వైజర్‌తో మాట్లాడేదాకా ఆగవచ్చు. పరీక్ష క్రెడిట్‌ను ముందస్తు అర్హతగా ఒప్పుకోని వైద్య కళాశాలలు కూడా కొన్ని ఉన్నాయని గుర్తుంచుకోండి.

తప్పు కోర్సులో చేరితే ఏమిటన్న భయానికి టెక్సస్ నిబంధనలలోనే కొంత జవాబు ఉంది. ఫాల్ (ఆగస్టులో మొదలయ్యేది), స్ప్రింగ్ సెమిస్టర్లలో తరగతులు జరిగే రోజుల్లో పన్నెండో దానిని సెన్సస్ డే అంటారు. ఆ లోపు వదిలేసిన కోర్సు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు. ఆ తరువాత వదిలితే, మధ్యలో మానినట్టు తెలిపే ‘డబ్ల్యూ’ పడుతుంది. 2007 ఫాల్ నుంచి డిగ్రీలో చేరినవారు టెక్సస్ ప్రభుత్వ కళాశాలలన్నింటిలో కలిపి మొత్తం చదువులో అలా ఆరు కోర్సులకు మించి వదలడానికి వీలు లేదు. కనుక మొదటి రెండు వారాలను నిజంగానే పరీక్షా కాలంగా వాడుకోవాలి. సిలబస్ చదవాలి, మొదటి హోంవర్క్ చేసి చూడాలి, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు ఒకసారి వెళ్లి రావాలి. డిగ్రీకి కావలసిన దానికన్నా 30 క్రెడిట్లు మించితే రాష్ట్ర నివాసుల రాయితీ ఫీజు స్థానంలో ఎక్కువ ఫీజు వసూలు చేసే అధికారం విశ్వవిద్యాలయానికి ఉంటుంది. అంటే ఎటూ తేల్చుకోకుండా తిరగడానికి సుమారు రెండు సెమిస్టర్ల వ్యవధి ఉంది, అంతకు మించి లేదు.

చివరిగా ఒక మాట మీవారికి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి గ్రేడ్లూ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఆమె అంగీకారం లేకుండా విశ్వవిద్యాలయం సాధారణంగా వాటిని మీకు చూపదు. రిజిస్ట్రేషన్ రోజున అడ్వైజర్ ఎదుట కూర్చునేది కూడా ఆమె ఒక్కతే. మీరు ఎంచుకున్న జాబితాను ఆమె అక్కడికి మోసుకెళితే, సగం కోర్సులు నిండిపోయి వెయిట్‌లిస్టులో పడ్డ క్షణాన దేనిని వదులుకోవాలో, దేనిని పట్టుకోవాలో ఆమెకు తెలియదు. ఏ కోర్సు ఎందుకు తీసుకుంటున్నదో ఆమె మీకు వివరించగలగాలి. అంతవరకు ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇర్వింగ్ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. రెండేళ్లు కోర్ పూర్తిచేసి పెద్ద విశ్వవిద్యాలయానికి మారతాడు. మేజర్ ఏదీ అనుకోలేదు, బిజినెస్ గాని ఇంజినీరింగ్ గాని అంటున్నాడు. స్నేహితులు తేలికగా ఉంటుందన్నారని గణితంలో కాంటెంపరరీ మ్యాథమెటిక్స్‌కు రిజిస్టర్ చేసుకున్నాడు. కోర్‌కు సరిపోతుందని చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక తండ్రి, ఇర్వింగ్

జవాబు: అతడు చెప్పింది నిజమే. కష్టమంతా అందులోనే ఉంది. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలలో కోర్సులకు ఉమ్మడి సంఖ్యలు ఉంటాయి. మొదటి అంకె కోర్సు ఏ సంవత్సరపు స్థాయిదో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. మ్యాథ్ 1332 అంటే మీవాడు తీసుకున్న కాంటెంపరరీ మ్యాథమెటిక్స్, మొదటి సంవత్సరం స్థాయి, 3 క్రెడిట్లు. మ్యాథ్ 1342 స్టాటిస్టిక్స్. మ్యాథ్ 1314 కాలేజ్ ఆల్జీబ్రా. మ్యాథ్ 1324 బిజినెస్ విద్యార్థుల గణితం. మ్యాథ్ 2412 ప్రీకాలిక్యులస్. మ్యాథ్ 2413 కాలిక్యులస్ ఒకటి, 4 క్రెడిట్లు. గణితం కోర్ కోసం వీటిలో ఒక్కటి చాలు. కాని 1332 నుంచి కాలిక్యులస్‌కు దారి లేదు, ఇంజినీరింగ్‌కు అది లెక్కలోకి రాదు, బిజినెస్‌కు కావలసిన గణితమూ అది కాదు. సాహిత్యమో సంగీతమో చదవాలని ఖాయం చేసుకున్న విద్యార్థికి అది చక్కని కోర్సు. మీ అబ్బాయికి ఉన్న రెండు ఆలోచనలలో ఏ ఒక్కదానికీ అది పనికిరాదు.

సెన్సస్ డే దాటకపోతే ఈ వారమే మార్చుకోమనండి. కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నాడా అని చూసే టెక్సస్ టీఎస్‌ఐ పరీక్షలోనూ కాలేజీ పెట్టే ప్లేస్‌మెంట్‌లోనూ ఎక్కడ తేలాడో చూసి, ప్రీకాలిక్యులస్‌కు అర్హత ఉంటే 2412, లేకపోతే 1314. ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. 1314 ఫాల్‌లో, 2412 స్ప్రింగ్‌లో చదివితే కాలిక్యులస్ వచ్చే వేసవికో రెండో సంవత్సరం ఫాల్‌కో వస్తుంది. ఇంజినీరింగ్‌లోకి మారడానికి ఆపై కాలిక్యులస్ రెండు, దానితో పాటు కాలిక్యులస్ ఆధారిత భౌతిక శాస్త్రం కూడా కావాలి. ఈ ఫాల్ గణితం లేకుండా పోతే రెండేళ్లలో అవి పూర్తికావడం కష్టం.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పవలసి ఉంది. టెక్సస్‌లో ఒక ప్రభుత్వ కళాశాలలో 42 క్రెడిట్ల కోర్ మొత్తం పూర్తి చేస్తే, రాష్ట్రంలోని మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయం దానిని ఒకే ముద్దగా అంగీకరించాలి. ఇది విద్యార్థులకు మేలు చేసే నియమమే. కాని కోర్ పూర్తయినంత మాత్రాన మేజర్‌కు ముందు కావలసిన కోర్సులు పూర్తయినట్టు కాదు. కోర్ అంతా ముగించుకుని గర్వంగా మూడో సంవత్సరంలో చేరాక, మేజర్‌లో మాత్రం మొదటి సంవత్సరం కోర్సుల్లో కూర్చోవలసి వచ్చే విద్యార్థులు ఇలాగే తయారవుతారు. ఏ విశ్వవిద్యాలయానికి మారాలనుకుంటున్నాడో దాని బిజినెస్, ఇంజినీరింగ్ డిగ్రీ ప్లాన్‌లు రెండూ వెబ్‌సైట్‌లో తీసి, రెండింటిలోనూ కనిపించే కోర్సుల కింద గీత గీయమనండి. మొదటి సంవత్సరం వాటితోనే నింపాలి.

ప్రశ్న: అండీ, నేను విజయవాడలో బైపీసీ చదివాను. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి ఎఫ్–1 వీసా వచ్చింది. మేజర్ తేల్చుకోలేదు, ఎకనామిక్స్ వైపు మనసు లాగుతోంది. పదో తరగతి తరువాత లెక్కలు ముట్టలేదు. మొదటి సెమిస్టర్‌లో తక్కువ కోర్సులు తీసుకుని అలవాటుపడవచ్చా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: మీకు 12 క్రెడిట్ల కన్నా తగ్గే వీలు లేదు. ఎఫ్–1 విద్యార్థి ప్రతి ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్‌లో పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. ఆ లెక్కలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే చెల్లుతుంది. సరిగ్గా 12 తీసుకుంటే, వాటిలో ఒకటి సరిపడకపోయినా వదలలేరు. అందుకని 15 తీసుకోండి, ఒక 3 క్రెడిట్ల కోర్సు వదిలినా వీసా స్థితి చెడకుండా ఉంటుంది.

లెక్కలకు భయపడి వెనక్కి నెట్టవద్దు. విశ్వవిద్యాలయం పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్ష చాలాచోట్ల అలెక్స్ అనే ఆన్‌లైన్ పరీక్ష. దానిని బయటి సాయం లేకుండా నిజాయితీగా రాసి, కాలేజ్ ఆల్జీబ్రాలోనో ప్రీకాలిక్యులస్‌లోనో ఎక్కడ పడితే అక్కడి నుంచి ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. ఎకనామిక్స్ డిగ్రీకి చాలాచోట్ల కాలిక్యులస్ తప్పదు. దానితో పాటు మాక్రో లేదా మైక్రో ఎకనామిక్స్ ఒకటి, ఇంగ్లీష్ రచన ఒకటి, మీకు పట్టున్న బయాలజీ సైన్స్ మేజర్ల స్థాయిలో ల్యాబ్‌తో ఒకటి తీసుకుని, 15కు తక్కువైనది మరో కోర్ కోర్సుతో నింపండి. బయాలజీలో వచ్చే గ్రేడు లెక్కల్లో తగ్గే దానిని కొంత కాపాడుతుంది.

మీ ఐ–20 పత్రం మీద మేజర్ రాసి ఉంటుంది. దానిని మార్చుకున్నప్పుడల్లా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని డీఎస్ఓ అనే అధికారికి చెప్పి ఐ–20 మార్పించుకోవాలి. మేజర్ ఎంపికలో వీసా లెక్క ఒకటి ముందే తెలిసి ఉండాలి. ఇప్పటి నిబంధనల ప్రకారం డిగ్రీ తరువాత 12 నెలల ఓపీటీ ఉద్యోగానుమతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోని డిగ్రీ అయితే మరో 24 నెలలు లభిస్తాయి. మామూలు ఎకనామిక్స్ ఆ జాబితాలో లేదు. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అనే వర్గీకరణ ఉంది, దాని సంఖ్య 45.0603. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ఎకనామిక్స్ డిగ్రీని ఆ సంఖ్య కిందే నమోదు చేశాయి, కొన్ని చోట్ల రెండు రకాల డిగ్రీలూ ఉంటాయి. మీ విశ్వవిద్యాలయం ఎకనామిక్స్ ఏ సంఖ్య కింద ఉందో అడగండి. దాని మీదనే మీరు ఎంత గణితం చదవవలసి వస్తుందన్నది కూడా ఆధారపడి ఉంటుంది.

ఏ కోర్సు వదిలినా క్రెడిట్లు 12 కన్నా తగ్గేటట్టుంటే, వెబ్‌సైట్‌లో డ్రాప్ బటన్ నొక్కడానికి ముందే డీఎస్ఓ అనుమతి తీసుకోండి. ఆరోగ్య కారణాలకు, మొదట్లో చదువులో ఎదురయ్యే కొన్ని ఇబ్బందులకు తగ్గింపు అనుమతించే వీలుంది గాని, వదిలేసిన తరువాత అడిగితే అది చెల్లదు.